ఎవరు రాశారు?

సంస్థానాల ముచ్చట్లు: 14వ భాగం

1892 ఏప్రిల్‌లో హైదరాబాదులోని పెద్దమనుషుల ఇళ్లకు ఒక చిన్న కరపత్రం చేరింది. ఎనిమిది పేజీలు, ఇంగ్లీషులో. రాసినవాడి పేరు లేదు. దానికి పెట్టిన పేరు మాత్రం ఎంతో మర్యాదగా ఉంది: హైదరాబాదు స్త్రీలకు విన్నపం. పరువున్న ఇళ్ల ఆడవాళ్లు ఫలానా ఆమెను గడప తొక్కనివ్వకూడదన్నది దాని సారాంశం. ఆ ఫలానా ఆమె ఎవరో ఊహించే పని చదివేవాళ్లకు లేదు, పేర్లు పెట్టే రాశారు. ఆమె ఎలెన్ గెర్ట్రూడ్ డోనెల్లీ. భర్త నవాబు మెహదీ హసన్, బిరుదుతో కలిపి చెప్తే ఫతే నవాజ్ జంగ్ బహదూర్, నిజాం ప్రభుత్వంలో హోం సెక్రెటరీ.

పోయిన వారం అమరచింత సంస్థానం నిజాముకు కట్టే కప్పం లెక్కలు చూశాం. 68 ఊళ్లు, 190 చదరపు మైళ్ల నేల, ఏడాదికి ఆరు వేల పైచిలుకు రూపాయలు. ఆత్మకూరు కోటలో కూర్చున్న ముక్కెర వంశపు రాజులకైనా, గద్వాల, వనపర్తి ప్రభువులకైనా పైన ఉన్నది హైదరాబాదు. అక్కడ ఏ నవాబు కుర్చీ ఎక్కాడు, ఎవరు దిగాడు అన్నది మన సంస్థానాలకు ఉబుసుపోక ముచ్చట కాదు. ఒక దస్తావేజు కదలాలన్నా, ఒక వారసత్వం మంజూరు కావాలన్నా ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ల మాటే చెల్లేది. అందుకే కృష్ణ ఒడ్డు నుంచి ఈ వారం మూసీ ఒడ్డుకు పోతున్నాం.

కరపత్రం చేసిన ఆరోపణలు మూడు. ఎలెన్ లక్నోలో ఉండగా డబ్బు తీసుకుని మగవాళ్లతో తిరిగిన మనిషి అన్నది మొదటిది. మెహదీ హసన్‌తో ఆమెకు చెల్లుబాటయ్యే పెళ్లే జరగలేదన్నది రెండోది. మూడోది అన్నిటికంటే నీచమైనది: మెహదీ హసన్ తన పదోన్నతుల కోసం భార్యను పై అధికారుల దగ్గరికి పంపాడట. దీనికి తోడు, ఇలాంటి ఆమె లండన్ వెళ్లి విక్టోరియా మహారాణి ఎదుట నిలబడి వచ్చిందే అన్న ఎత్తిపొడుపు. రాసినవాడి కడుపుమంట ఎక్కువగా ఈ చివరి మాటలోనే కనపడుతుంది.

మెహదీ హసన్ ఉత్తరాది మనిషి. ఎలెన్ లక్నోలో పెరిగిన ఐరిష్ సంతతి పిల్ల. మొదటి సాలార్ జంగ్ ప్రధానిగా ఉన్న రోజుల్లో, ఇంగ్లీషు చదువులు చదివి బ్రిటిష్ కచేరీల్లో పని నేర్చినవాళ్లను ఉత్తరాది నుంచి పిలిపించి పెద్ద ఉద్యోగాలిచ్చారు. 1880ల మొదట్లో అలా వచ్చినవాళ్లలో మెహదీ హసన్ ఒకడు. పదేళ్లు నిండకముందే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, ఆపైన హోం సెక్రెటరీ అయ్యాడు. 1888లో దక్కన్ మైనింగ్ కంపెనీ వాటాల కుంభకోణం మీద లండన్‌లో పార్లమెంటు కమిటీ విచారణ జరిగితే నిజాం సర్కారు తరఫున వెళ్లాడు. భార్యనూ వెంట తీసుకుపోయాడు. తిరిగివచ్చాక తన డైరీలోంచి కొంత భాగాన్ని 1890లో అచ్చు కూడా వేయించుకున్నాడు. ఎదిగినవాడు ఎదిగినట్టు ఊరుకోలేదు, ఎదిగానని పుస్తకం వేసి మరీ చెప్పాడు. ఊళ్లో ఎందరి కళ్లు ఎర్రబడి ఉంటాయో చెప్పక్కర్లేదు.

స్థానికులకు ఉద్యోగాలు దొరకడం లేదన్న మంట అప్పటికే రగులుతోంది. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా మన తరం విన్న 1952, 1969 ఉద్యమాల నాటిది మాత్రమే కాదు. దాని మొదళ్లు ఈ 1880ల కొలువులోనే ఉన్నాయి. పాత అమీరుల కొడుకులు ఒకవైపు, లక్నో, ఢిల్లీ, అలీగఢ్‌ల నుంచి వచ్చినవాళ్లు మరోవైపు. వచ్చినవాళ్లలోనూ ఒకడికొకడు పడదు. వీళ్లందరి మీదా కన్నేసి కోఠీలో కూర్చున్నవాడు బ్రిటిష్ రెసిడెంటు. ప్రధాని అస్మాన్ జా ఈ వర్గాల నడుమ ఎటు మొగ్గినా రెండోవాళ్లకు కోపం.

అపవాదులూ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి. 1888లో గనుల గొడవ. 1891లో వజ్రం గొడవ: అలెగ్జాండర్ జేకబ్ అనే వ్యాపారి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు చూపించిన పెద్ద రవ్వ, బయానాగా ఇచ్చిన 23 లక్షలు, కలకత్తా హైకోర్టులో కేసు, చివరికి జేకబ్ నిర్దోషిగా బయటపడటం. ఆ వేడి చల్లారకముందే ఈ కరపత్రం.

ఇక ఊళ్లో ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న. ఎవరు రాశారు?

ఇలాంటి ప్రశ్న మన సంస్థానాలకు కొత్త కాదు. రాజుల కొలువుల్లో తిట్టు పద్యం ఒక ఆయుధం. సంభావన తక్కువైందనో, పిలుపు రాలేదనో కవి ఒక చాటువు వదిలేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. నాలుగు రోజుల్లో అది నాలుగు సంస్థానాలు తిరిగేది. దాన్ని చెప్పింది ఎవరంటే వినేవాళ్లే ఒక పేరు తగిలించేవారు. ఎగతాళిగా ఉంటే తెనాలి రామకృష్ణుడిది, శాపంలా ఉంటే వేములవాడ భీమకవిది, కొంచెం సరసంగా ఉంటే శ్రీనాథుడిది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చాటుపద్య మణిమంజరి కూర్చినప్పుడు అలాంటి పద్యాలు ఎన్నో దొరికాయి. వాటిలో నిజంగా ఆ కవులు చెప్పినవి ఎన్ని, జనం వాళ్లకు అంటగట్టినవి ఎన్ని అని విడదీయడం పండితులకే తలనొప్పి. పేరు లేని మాట ఎక్కువ కాలం పేరు లేకుండా ఉండదు. ఇలాంటివి ఎవరు అనగలరని ఊరు ముందే నమ్ముతోందో వాళ్ల నెత్తిన పడుతుంది.

హైదరాబాదులోనూ అదే జరిగింది. స్థానిక అమీరులను అడిగితే ఇది ఉత్తరాదివాళ్లు తమలో తాము కొట్టుకుంటున్న గొడవ. ఉత్తరాదివాళ్లకు ఇది ముల్కీల కుట్ర. ఇంగ్లీషు శుభ్రంగా ఉంది కాబట్టి రెసిడెన్సీ చుట్టుపక్కల తెల్లవాడెవడో రాశాడనడానికీ వీలుంది. ప్రతివాడి ఊహా తన పాత పగ ఎటు చూపిస్తే అటే పోతుంది. ఆ ఎనిమిది పేజీలు ఎవరి రాతో ఆ ఊహల వల్ల తెలియదు గానీ, 1892లో హైదరాబాదులో ఎవరికి ఎవరితో పడేది కాదో మాత్రం చక్కగా తెలుస్తుంది. నా మటుకు ఈ కేసు విలువ అక్కడే ఉంది.

రాసినవాడు ఎలాంటివాడై ఉండాలో కొంతవరకు చెప్పుకోవచ్చు. వాడికి మూడు తెలిసి ఉండాలి: ఇంగ్లీషు, లక్నో గల్లీల ముచ్చట్లు, హైదరాబాదులో ఎవరి ఇంటి విందుకు ఎవరు వెళ్తారన్నది. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. అందుకని ఇది ఒక్కడి పని కాదని నా అనుమానం. సరుకు లక్నో నుంచి వచ్చింది, అవసరం హైదరాబాదులో ఉంది, కలం మూడో మనిషిది కావచ్చు. ఇది ఊహే సుమా. దీనికి పేర్లు తగిలించే ధైర్యం నాకు లేదు, అప్పటి కోర్టు ముందుకూ రాసినవాడు రాలేదు.

కోర్టు ముందుకు వచ్చినవాడు వేరే ఒకడు. మెహదీ హసన్ ఊరుకోలేదు. రాసినవాడు దొరకడు గనక అచ్చువేశాడని అనుమానించిన మనిషిని పట్టుకున్నాడు. ఆ మనిషి ఎస్.ఎం. మిత్రా, పూర్తి పేరు సిద్ధమోహన్ మిత్రా, బెంగాలీ. విచారణ నిజాం కోర్టులో కాదు, రెసిడెన్సీ కోర్టులో.

ఈ మెలిక తెలియకపోతే ఆ రోజుల పత్రికల కథే అర్థం కాదు. ఊరు నిజాముదే అయినా రెసిడెన్సీ, దాని చుట్టూ ఉన్న బజార్లు, ఇప్పటి సుల్తాన్ బజార్ ప్రాంతం, బ్రిటిష్ అధికారం కింద ఉండేవి. 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చేదాకా అదే పద్ధతి. మూసీకి ఈవల ఒక చట్టం, ఆవల ఒక చట్టం. నిజాం సర్కారుకు గిట్టని మాట అచ్చు వేయాలంటే అటువైపు అడుగు వేస్తే కొంత ఊపిరి ఆడేది. ఆ రెసిడెన్సీ భవనం చరిత్ర కూడా తక్కువదేం కాదు. దాన్ని కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఖైరున్నిసాను పెళ్లాడినందుకు, తొంభై ఏళ్ల ముందు గుసగుసలు కలకత్తా దాకా పోయి ఆయన మీద విచారణే జరిగింది. ఇప్పుడు అక్కడ ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

మిత్రా తరఫున మద్రాసు నుంచి బారిస్టరు ఎర్డ్‌లీ నార్టన్ వచ్చాడు. కాంగ్రెస్ తొలినాళ్లలో పేరుమోసిన ఇంగ్లీషువాడు, అడ్డప్రశ్నలు వేయడంలో గట్టివాడు. మెహదీ హసనేమో కాంగ్రెసును బాహాటంగా తప్పుపట్టినవాడు. నార్టన్‌కు ఇది ఫీజు కోసం ఒప్పుకున్న కేసు మాత్రమేనా అన్నది చదువరుల ఊహకే వదిలేస్తాను.

కేసు దాదాపు తొమ్మిది నెలలు నడిచింది. దాని నడకలోనే అసలు తమాషా ఉంది. మొదట్లో ప్రశ్న చిన్నది: మిత్రా ఈ కాగితం అచ్చు వేశాడా, లేదా? కానీ 1860 శిక్షాస్మృతిలో పరువునష్టానికి ఒక మినహాయింపు ఉండేది. చెప్పిన మాట నిజమై, దాన్ని బయటపెట్టడం పదిమందికి మేలైతే అది నేరం కాదు. ఆ సందు దొరికితే ప్రతివాది వకీలు ఊరుకుంటాడా? అచ్చు సంగతి పక్కకు పోయింది. ఎలెన్ లక్నోలో ఎలా బతికింది, ఎవరితో తిరిగింది, పెళ్లి ఎప్పుడు, సాక్షులెవరు అన్నదే కేసు అయిపోయింది. లక్నో నుంచి మగవాళ్లు వచ్చి బోనెక్కి, ఇరవై ఏళ్ల కిందటి సంగతులు ప్రమాణం చేసి చెప్పారు. ఎదుటిపక్షం సాక్షులను కొన్నారని ఇటువాళ్లు, ఇటువాళ్లు కొన్నారని అటువాళ్లు. కోర్టులో పొద్దున చెప్పింది పత్రికల్లోకి ఎక్కేది. ఎనిమిది పేజీల కాగితాన్ని కొన్ని ఇళ్లల్లో చదివి ఉంటారు. కేసు వేసిన తర్వాత కలకత్తా నుంచి లండన్ దాకా చదివారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ మెహదీ హసన్ స్థానంలో ఉండి చూస్తే వేరే దారి కూడా కనపడదు. ఊరుకుంటే నిజమే గనక ఊరుకున్నాడంటారు. నిప్పు లేనిదే పొగ రాదు అన్న సామెత ఉండనే ఉంది. ఈ సామెతంత అన్యాయమైన సామెత మన భాషలో ఇంకొకటి లేదని నా నమ్మకం. పొగ పెట్టేవాడు ఒకడు ఉంటాడన్న సంగతే అందులో లేదు.

1893 ఏప్రిల్‌లో మిత్రా నిర్దోషిగా బయటపడ్డాడు. మెహదీ హసన్ ఉద్యోగం పోయింది. అదే ఏడాది అస్మాన్ జా ప్రధాని పదవి నుంచి దిగాడు, ఆయన స్థానంలో వికారుల్ ఉమ్రా వచ్చాడు. కొలువులో బలంగా ఉన్న ఉత్తరాది అధికారుల్లో మొహ్సినుల్ ముల్క్ కూడా 1893లోనే హైదరాబాదు వదిలి వెళ్లాడు. ఇవన్నీ ఒక్క కరపత్రం వల్లే జరిగాయనడం అతిశయోక్తి. పడబోయే గోడకు అది మరో తోపు, అంతే. మిత్రా ఆ తర్వాత రచయితగా, పత్రికా సంపాదకుడిగా పేరు తెచ్చుకుని ఇంగ్లండ్ చేరాడు, అక్కడ పుస్తకాలు వేశాడు. మెహదీ హసన్ దంపతులు లక్నో వెళ్లిపోయారు. ఆయన 1904లో పోయాడు, ఆమె 1912లో.

ఆడవాళ్లకు విన్నపమని పేరు పెట్టిన ఈ కథలో ఆడవాళ్లు ఎక్కడున్నారో ఒకసారి చూడండి. అనుమానితులందరూ మగవాళ్లు. సాక్ష్యం చెప్పడానికి లక్నో నుంచి వచ్చినవాళ్లు మగవాళ్లు, వకీళ్లు, న్యాయాధికారి, పత్రికలవాళ్లు మగవాళ్లు. తాము ఆమెతో గడిపామని బోనులో చెప్పుకున్న వాళ్లలో ఒక్కడి పరువూ పోలేదు. పోయింది ఎలెన్ పరువు ఒక్కటే. అసలు గురి ఆమె కూడా కాదు, ఆమె మొగుడి కుర్చీ. ఆయన్ని లంచగొండి అని రాసి ఉంటే లెక్కలు చూపించి తప్పించుకునేవాడేమో. భార్య మీద రాస్తే చూపించడానికి ఏ లెక్కా ఉండదు. రాసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. కరపత్రంలో ఉన్న తెలివి అంతా అదే.

తర్వాతి కాలంలో ఈ విద్య తిరగబడింది. 1892లో రాసినవాడు దాక్కున్నాడు, రాయబడినవాళ్ల పేర్లు బయట ఉన్నాయి. సినిమా పత్రికలు వచ్చాక రాసే పత్రిక పేరు పైనే ఉంటుంది, రాయబడిన మనిషి పేరు దాక్కుంటుంది. అమరచింతలో మగ్గాల సందడి ఆగిన సాయంత్రం పూట క్షౌరశాల బల్ల మీద నలిగిన సినిమా పత్రిక తిప్పినవాళ్లందరికీ ఆ వాక్యం ఎలా ఉంటుందో తెలుసు. ఈ మధ్యే కొత్త కారు కొన్న ఒక కథానాయకుడు, ఊటీ షూటింగులో ఒక పొడుగాటి నాయిక, ఆమె తల్లికి కోపం. పేరు లేదు, కానీ ఆనవాళ్లు మూడున్నాయి. చదివేవాడు గడ్డం గీయించుకుంటూనే ఒక పేరు చెప్తాడు, పక్కవాడు కాదని ఇంకొకటి చెప్తాడు. బల్ల మీద నలుగురుంటే నాలుగు పేర్లు. రాసినవాడికి కేసు భయం లేదు, ఎందుకంటే అతను ఎవరినీ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడే దొరికిపోతాడు. నిజానికి చట్టం అంత అమాయకంగా లేదు. పేరు లేకపోయినా చదివినవాళ్లు గుర్తుపట్టేలా ఉంటే పరువునష్టం కేసు నిలుస్తుంది. అయినా కోర్టుకెక్కి ఆ మనిషిని నేనేనని చెప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు?

పేరు దాచుకోవడం ఎప్పుడూ పిరికితనమే అనడం కూడా తప్పు. ఇదే నేలలో, గద్వాల దగ్గర బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి ఎన్నో మారుపేర్లతో రాశారు. ఆయన రాతలు అధికారం మీద, మూఢాచారాల మీద, తెలుగుకు జరిగే అన్యాయం మీద. పత్రిక మీద సంపాదకుడిగా ఆయన పేరు ఉండనే ఉంది, ఏం జరిగినా పట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. మారుపేరుకీ పేరు లేకపోవడానికీ తేడా నా లెక్కలో ఇదే. 1952లో ఆయన వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనప్పుడు ఓటర్లకు ఆ పేర్లన్నీ ఎవరివో తెలుసుకోవాల్సిన అవసరం కలగలేదు.

సినిమా గుసగుసల దగ్గరికి వస్తే, అది మన తెలుగు సినిమా పుట్టి పెరిగిన మద్రాసులోనే ఒక ప్రాణం తీసింది. లక్ష్మీకాంతన్ అనే తమిళ పత్రికాయన సినిమా తూతు పేరుతో తారల రహస్యాలు అచ్చేసేవాడు. దాని లైసెన్సు రద్దయితే హిందూ నేశన్ పత్రికతో మళ్లీ మొదలుపెట్టాడు. 1944 నవంబరు 8న వేపేరిలో ఆయన్ను పొడిచారు, మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ కేసులో అప్పటి తమిళ తెర దేవుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్ జైలుకు పోయారు. పక్షిరాజా స్టూడియో అధిపతి శ్రీరాములు నాయుడు నిర్దోషిగా బయటపడ్డాడు. భాగవతార్, కృష్ణన్‌లు ప్రివీ కౌన్సిల్ దాకా పోరాడి 1947లో విడుదలయ్యారు. చంపించింది ఎవరన్న దాని మీద మద్రాసులో ఇప్పటికీ ఊహలు నడుస్తూనే ఉన్నాయి. ఆ కథ పెద్దది, వచ్చే వారం చెప్పుకుందాం.

ఈలోగా చదువరులకు ఒక మనవి. అమరచింత, ఆత్మకూరు, గద్వాల, వనపర్తి, కొల్లాపురం చుట్టుపక్కల పాత ఇళ్లల్లో సంస్థాన కాలపు కరపత్రాలు, ఆకాశరామన్న ఉత్తరాలు, పెద్దల నోట విన్న తిట్టు చాటువులు ఉంటే నకలు తీసి పత్రిక చిరునామాకు పంపండి. రాసినవాళ్ల పేరు మీకు ఖాయంగా తెలిస్తేనే జత చేయండి. అనుమానమైతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి.